అన్ని దశాబ్దాల పాటలూ కలిపి వేసే ఎఫ్‌ఎం మన ఊళ్లలో నిలబడుతుందా?

ఈసీఐఎల్_వేణు

అమెరికా, కెనడాల్లో అడల్ట్ హిట్స్ అని ఒక రేడియో ఫార్మాట్ ఉంది. 2002లో విన్నిపెగ్‌లో బాబ్ ఎఫ్‌ఎం పేరుతో మొదలైంది. అదే ఏడాది చివర్లో వాంకూవర్‌లో జాక్ ఎఫ్‌ఎం వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో అమెరికాలో చాలా ఊళ్లకు పాకింది. రాక్, పాప్, డిస్కో, 70ల పాట, 90ల పాట, అన్నీ ఒకే గంటలో వచ్చేస్తాయి. మామూలు హిట్స్ స్టేషన్ మూడు నాలుగు వందల పాటలు తిప్పితే వీళ్లు వెయ్యికి పైగా పెట్టుకుంటారు. ఆర్జేలు దాదాపు ఉండరు. ముందే రికార్డు చేసిన ఒక వెటకారపు గొంతు మధ్యమధ్యలో వచ్చి పోతుంది. "మాకు నచ్చింది వేస్తాం" అన్నదే వాళ్ల నినాదం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక తెలుగు ఎఫ్‌ఎం ఇదే పని చేస్తే నడుస్తుందా? ఇప్పుడు పొద్దున ఆఫీసుకెళ్తూ ఏ స్టేషన్ పెట్టినా ఈ నెల రిలీజైన నాలుగు పాటలే. పాతవన్నీ రాత్రి తొమ్మిది తర్వాత. నలభై దాటినవాళ్లం రాత్రి తొమ్మిదింటి దాకా ఏం వినాలి?

నాచారం_నాని

వివిధ భారతి 102.8. ఫ్రీ. చర్చ అయిపోయింది, పడుకోండి.

ఓల్డ్_టేప్

నాని గారూ, అంత తేలిక కాదు. వివిధ భారతి గొప్పదే, కాదనను. కానీ అక్కడ పాట కార్యక్రమాన్ని బట్టి వస్తుంది. జనరంజని టైముకి శ్రోతలు కోరిన పాటలు, పాత పాటల టైముకి పాతవి, హిందీ టైముకి హిందీ. వేణు గారు అడిగేది వేరు. పాత, కొత్త అనే గోడే లేకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా కలిపి వేయడం గురించి. అలాంటిది మన దగ్గర నేనైతే వినలేదు.

బెజవాడ_బుజ్జి

అన్నా, ఎవరు వింటారు అసలు? ఫోన్‌లో యూట్యూబ్ ఉంది, స్పాటిఫై ఉంది, జియోసావన్ ఉంది. "80ల హిట్స్" అని కొడితే లిస్టు వస్తుంది. మధ్యలో ప్లాట్లు అమ్ముతాం, చిట్టీలు కడతాం అని గోల ఉండదు.

ఓల్డ్_టేప్

బుజ్జీ, లిస్టు వెతుక్కునే ఓపిక ఉన్నవాళ్లు నీ వయసు వాళ్లు. సారెగమా వాళ్లు 2017లో కారవాన్ తెచ్చారు. 5000 పాటలు నింపిన ఒక పెట్టె, మీట నొక్కితే పాడుతుంది. అంతే. ఫోన్లో అన్నీ ఉచితంగా దొరికే రోజుల్లో దాన్ని డబ్బు పెట్టి కొన్నారు జనం. తెలుగు కారవాన్ కూడా వచ్చింది. అమ్మానాన్నలకి కొనిచ్చిన వాళ్లు ఈ గ్రూపులోనే ఉంటారు. ఏ పాట వినాలో నన్ను అడక్కు, నువ్వే వెయ్ అనే శ్రోత ఎప్పుడూ ఉంటాడు. రేడియో బతికేదే వాడి మీద.

లాగ్_షీట్

పదేళ్లకు పైగా ఒక ప్రైవేటు ఎఫ్‌ఎంలో ప్రోగ్రామింగ్ చేశాను. ఏ స్టేషనో అడక్కండి. విషయం లోపలి నుంచి చెప్తాను.

కొత్త పాటలే ఎందుకు తిరుగుతాయంటే మ్యూజిక్ మేనేజర్‌కి టేస్ట్ లేక కాదు. ప్రభుత్వం ప్రైవేటు ఎఫ్‌ఎంలకి ఇచ్చిన రెండో విడత లైసెన్సులప్పుడు, అంటే 2005 పాలసీలో, ఒక ఊళ్లో ఒక కంపెనీకి ఒక్కటే ఛానెల్. ఉన్నది ఒక్కటైతే ఎవడైనా నడి బజారులోనే కొట్టు పెడతాడు, సందులో పెట్టడు. అందరూ తాజా సినిమా పాటల మీదే పడ్డారు. పైగా ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ని మార్చకుండా ప్రసారం చేసుకోవచ్చు, అంతవరకే. వార్తలు లేవు, చర్చలు లేవు, ఇక మిగిలింది పాట, ఆర్జే నోరు.

మూడో విడత పాలసీ 2011లో వచ్చింది, వేలం 2015లో జరిగింది. అందులో ఒకే ఊళ్లో ఒకే కంపెనీ ఒకటి కంటే ఎక్కువ ఛానెళ్లు పెట్టుకోవచ్చన్నారు. మొత్తం ఛానెళ్లలో 40 శాతం దాటకూడదు, కనీసం ముగ్గురు ఆపరేటర్లు ఉండాలి. అప్పుడు రెండో ఫ్రీక్వెన్సీ మీద ప్రయోగం చేయడానికి దారి దొరికింది. ఢిల్లీలో 2016లో హెచ్‌టీ (హిందుస్తాన్ టైమ్స్) వాళ్లు పెట్టిన రేడియో నషా అలా పాత హిందీ పాటల మీద వచ్చిందే. తెలుగులో ఆ అవకాశాన్ని పాత-కొత్త కలిపే పనికి నాకు తెలిసి ఎవరూ వాడుకోలేదు.

ప్లానో_పద్మ

డాలస్ దగ్గర ఉంటాను కాబట్టి నా రెండు మాటలు. ఇక్కడ 100.3 జాక్ ఎఫ్‌ఎం 2004లో మొదలైంది. నాకు ఆ పాటలతో చిన్నప్పటి బంధం ఏమీ లేదు. నేను పెరిగింది గుంటూరులో. అయినా కార్లో అదే పెట్టుకునేదాన్ని, ఎందుకంటే తర్వాత ఏం వస్తుందో తెలియదు.

అందరూ విజయాలే చెప్తారు గానీ న్యూయార్క్ సంగతి కూడా చూడాలి. డబ్ల్యూసీబీఎస్ అనే స్టేషన్ అక్కడ ఏళ్ల తరబడి పాత పాటలకు పేరు. 2005 జూన్‌లో ఉన్నట్టుండి దాన్ని జాక్‌గా మార్చేశారు. ఆర్జేలను పంపేశారు. శ్రోతలు మండిపడ్డారు. 2007 జూలైలో మళ్లీ వెనక్కి, పాత పద్ధతికే వెళ్లాల్సి వచ్చింది. అదే జాక్ లాస్ ఏంజెలిస్‌లో మాత్రం బాగా నడిచింది. ఫార్మాట్ ఒకటే, ఊరు వేరు. న్యూయార్క్ వాళ్లకి ఆ ఆర్జేలు ఇంట్లో మనుషులు. వాళ్లని తీసేసి మెషీన్ పెడితే ఊరుకుంటారా?

నాచారం_నాని

అక్కా, మన ఆర్జేలను తీసేస్తే జనం పండగ చేసుకుంటారు 😀

కేపీహెచ్‌బీ_లక్ష్మి

నాని, అందరినీ ఒకే గాటన కట్టకు. మా అమ్మ మీనాక్షి పొన్నుదురై గొంతు గురించి ఇప్పటికీ చెప్తుంది. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వేసేవారు. ఊళ్లో సరిగ్గా సిగ్నల్ రాకపోయినా రేడియోని కిటికీలో పెట్టి మరీ వినేవాళ్లట. మన వాళ్లకి పాట ఎంత ముఖ్యమో, పాట పేరూ సినిమా పేరూ చెప్పే మనిషి కూడా అంతే ముఖ్యం. సంగీతం ఎవరు, రాసింది ఎవరు, పాడింది ఎవరు, ఇవి చెప్పకుండా పాట వేస్తే నాకు కోపం వస్తుంది. ఈ జాక్ పద్ధతిలో అది ఉండదు కదా?

ఈసీఐఎల్_వేణు

లక్ష్మి గారూ, మంచి పాయింట్. ఆర్జే లేకుండా నడపడం వాళ్లకి ఖర్చు తగ్గించే మార్గం. మనం ఆ ముక్క తీసుకోనక్కర్లేదు. పాటల కలగలుపు తీసుకుందాం, మనిషిని ఉంచుదాం.

లాగ్_షీట్

మనిషిని ఉంచుదాం అనడం తేలికే, జీతం ఎవరిస్తారన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు కలగలుపు ఎలా చేస్తారో చెప్తాను. చాలామంది అనుకునేది కంప్యూటర్లో షఫుల్ నొక్కడం అని. అలా చేస్తే రెండు రోజుల్లో మూతపడుతుంది.

ప్రతి పాటకీ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని గుర్తులు పెడతాం. ఏ దశాబ్దం, వేగం ఎంత, మూడ్ ఏంటి, ఆడ గొంతా మగ గొంతా డ్యూయెట్టా, సంగీత దర్శకుడు, హీరో. గంటకో క్లాక్ ఉంటుంది, అంటే ఎప్పుడు ఏ రకం పాట రావాలో చెప్పే పట్టిక. గంట మొదట్లో బలమైన పాట, యాడ్ బ్రేక్ తర్వాత అందరికీ తెలిసిన పాట, రెండు స్లో పాటలు పక్కపక్కన రాకూడదు, ఇలాంటి రూల్స్. ఇంకోటి, ఒకే సింగర్ పాటలు వెంటవెంటనే రాకూడదు. బయట దేశాల్లో ఇది మొదటి రూలు.

ఇప్పుడు దీన్ని తెలుగుకి పెట్టి చూడండి. 70ల చివర్నుంచి 90ల చివరి దాకా మగ గొంతు అంటే దాదాపు బాలు గారే. "బాలు పాటకీ బాలు పాటకీ మధ్య గంట గ్యాప్" అని రూల్ పెడితే సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. లాగ్ నిండా, అంటే ఆ రోజు వేసే పాటల జాబితా నిండా, ఎర్ర గీతలు. మేం చివరికి సింగర్ రూల్ తీసేసి సంగీత దర్శకుడి మీదా, హీరో మీదా పెట్టాల్సి వచ్చింది. చక్రవర్తి తర్వాత వెంటనే చక్రవర్తి రాకూడదు, ఒక హీరో పాట తర్వాత అదే హీరోది రాకూడదు.

సైలెంట్_లిజనర్

హీరో మీద రూల్ ఎందుకు సార్? పాట పాటే కదా.

లాగ్_షీట్

స్టేషన్ ల్యాండ్‌లైన్ దగ్గర ఒక్క రోజు కూర్చుంటే అర్థమవుతుంది బాబూ. "పొద్దున్నుంచి మావోడివి రెండే వేశారు, వాడివి నాలుగు వేశారు" అని లెక్కపెట్టి మరీ ఫోన్ చేస్తారు.

బెజవాడ_బుజ్జి

మరి కరెక్టే కదా, మా హీరోవి తక్కువే వేస్తారు ఎప్పుడూ

అడ్మిన్_2

హీరోల గొడవ ఇక్కడ వద్దు. దానికి వేరే విభాగం ఉంది. బుజ్జీ, ఇది మొదటి వార్నింగ్.

తెనాలి_మాస్టారు

ఘంటసాల గారి ప్రస్తావన ఇంతవరకు ఒక్కరూ తేలేదు. ఆయన లేకుండా తెలుగు స్టేషన్ ఏమిటి? అన్ని దశాబ్దాలూ అన్నప్పుడు 50లు, 60లు దశాబ్దాలు కావా?

ఈసీఐఎల్_వేణు

మాస్టారూ, నమస్కారం. నాకూ ప్రాణమే. కానీ అడల్ట్ హిట్స్ లెక్క వేరు. వాళ్లు గురిపెట్టేది ముప్ఫై అయిదు నుంచి యాభై అయిదు మధ్య ఉన్నవాళ్లని. ఆ మనిషి పదేళ్ల వయసు నుంచి పాతికేళ్ల దాకా విన్న పాటలే వాడికి ఎప్పటికీ సొంతం. ఈ రోజు నలభై అయిదేళ్ల వ్యక్తికి ఆ పాటలంటే ఇళయరాజా, రాజ్-కోటి, కీరవాణి, మణిశర్మ. ఘంటసాల గారు 1974లోనే వెళ్లిపోయారు. ఆయన నాకు మా నాన్న రేడియోలోంచి వచ్చారు, నా వాక్‌మన్‌లోంచి కాదు.

తెనాలి_మాస్టారు

మీ నాన్న రేడియోలోంచి వచ్చినవాడు మీకు సొంతం కాకుండా పోయాడా? ఇంగ్లీషు పాటకి ఆ లెక్క కుదురుతుందేమో. మన దగ్గర పదేళ్ల పిల్లాడు కూడా మాయాబజార్ పాటలు పాడతాడు, టీవీలో పాటల పోటీలు చూడండి. మనకి పాట తరం మారినా ఇంట్లోనే ఉంటుంది. భక్తి పద్యం, పెళ్లి పాట, కార్తీక మాసం ఇవన్నీ కలిపి చూడాలి.

కేపీహెచ్‌బీ_లక్ష్మి

మాస్టారి మాటలో నిజం ఉంది. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిట్లో ఎనిమిదేళ్ల పిల్లలు పాడే పాటలు విన్నాను. సగం వాళ్ల తాతల కాలం నాటివే.

లాగ్_షీట్

ఇద్దరిదీ సగం సగం నిజం. పోటీలో పిల్లాడు పాడితే చప్పట్లు కొడతాం. అదే పాట ట్రాఫిక్‌లో అమీర్‌పేట దగ్గర ఇరుక్కున్నప్పుడు ఒరిజినల్ వేస్తే వేలు బటన్ మీదకి పోతుంది. ఎందుకంటే ఆ రికార్డింగ్ మోనో, స్టీరియో కాదు, పల్చగా ఉంటుంది. దాని ముందు వేసిన పాట ఈ మధ్యది, బేస్ నిండా ఉంటుంది, మాస్టరింగ్‌లోనే గట్టిగా నొక్కేసి ఉంటుంది. రెండింటి మధ్య వాల్యూమ్ తేడా చెవికి కొడుతుంది. ట్రాన్స్‌మిటర్ ముందు ప్రాసెసర్ పెట్టి సమం చేస్తారు గానీ పాత పాటని మరీ పైకి లాగితే వెనకున్న గరగర కూడా పైకొస్తుంది.

నేనైతే పాతదాన్ని కొత్తదాని పక్కన నేరుగా పెట్టను. మధ్యలో ఆర్జే లింకో, జింగిలో, ఒక యాడో ఉండాలి. లక్ష్మి గారు అడిగిన "సంగీతం ఎవరు, రాసింది ఎవరు" అన్న ముక్క అక్కడే పెట్టొచ్చు. ఇరవై సెకన్లు చాలు. చెవి ఈలోగా సర్దుకుంటుంది.

ప్లానో_పద్మ

ఇది చాలా బాగుంది. ఇక్కడ జాక్‌లో ఆ వెటకారపు గొంతు పనీ అదేనేమో అనిపిస్తోంది ఇప్పుడు. వినడానికి జోకులాగా ఉంటుంది, చేసేది రెండు పాటల మధ్య కుదుపు తగ్గించడం.

సైలెంట్_లిజనర్

ఎవరైనా ఒక గంట నమూనా వేసి చూపించొచ్చు కదా? పాటల పేర్లు వద్దు, ఊరికే ఎవరి తర్వాత ఎవరో.

ఈసీఐఎల్_వేణు

ప్రయత్నిస్తా. పొద్దున తొమ్మిది నుంచి పది. మొదట దేవిశ్రీ మాస్ పాట, 2000ల మధ్యది. తర్వాత ఇళయరాజా డ్యూయెట్, 80ల చివరిది, కాస్త వేగంగా ఉండేది. తర్వాత రెహమాన్ డబ్బింగ్ పాట, 90లది. బ్రేక్. ఇప్పటి తమన్ పాట. కీరవాణి మెలోడీ. రాజ్-కోటి ఫాస్ట్ బీట్. బ్రేక్. ఘంటసాల గారిది ఒకటి, మాస్టారి కోసం. మిక్కీ జె మేయర్ పాట. చివర మణిశర్మ.

లాగ్_షీట్

బాగానే వేశారు, వేణు గారూ. రెండు మార్పులు చేస్తాను. మొదటి బ్రేక్ తర్వాత ఈ నెల కొత్త పాట పెట్టకండి. బ్రేక్‌లో పోయినవాడు తిరిగొచ్చేది తెలిసిన పాటకే. అక్కడ ఇళయరాజాని పెట్టి, తమన్‌ని రెండో స్థానంలోకి తెండి. ఇక ఘంటసాల గారిని తొమ్మిదింటికి కాదు, ఏడింటికి ముందు వేయండి. ఆ టైముకి ఇంట్లో కాఫీ పెట్టేవాళ్లు, వాకింగ్ నుంచి వచ్చేవాళ్లు వింటారు. మాస్టారు కూడా ఆ టైముకే లేస్తారు.

తెనాలి_మాస్టారు

నాలుగున్నరకే లేస్తాను.

నాచారం_నాని

😀😀 మాస్టారు ఇరగదీశారు

స్పాట్_సేల్స్

ఇంతమందిలో డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను వచ్చాను. నేను రేడియో యాడ్స్ అమ్మినవాణ్ణి.

మొదటి దెబ్బ: సినిమా వాళ్ల యాడ్స్. కొత్త సినిమా వస్తోందంటే స్పాట్లు, అంటే యాడ్ టైము, కొంటారు, హీరోని స్టూడియోకి తెస్తారు. కొత్త పాటలు వేయని స్టేషన్‌కి వాళ్లు ఎందుకు వస్తారు?

రెండోది: కొలత. రేడియో వినేవాళ్లని లెక్కపెట్టే ర్యామ్ సర్వే నడిచింది ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరుల్లోనే. హైదరాబాద్‌కే లేదు, ఇక విజయవాడ మాట ఎందుకు. "మా దగ్గర నలభై దాటిన డబ్బున్న శ్రోతలున్నారు" అని నేను ముంబై ఏజెన్సీకి చెప్తే, కాగితం చూపించు అంటాడు. ఏం చూపించాలి?

మూడోది ప్రభుత్వ యాడ్స్. 2023లో కేంద్రం బేస్ రేటు పది సెకన్లకి 52 రూపాయల నుంచి 74కి పెంచింది. చిన్న స్టేషన్‌కి అది ఊరట, కానీ దాని మీదే బతకలేం.

ఓల్డ్_టేప్

సేల్స్ గారూ, నగల షాపులు, చీరల షాపులు, విల్లాలు, కార్పొరేట్ ఆసుపత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు, వీటి యాడ్ ఎవరి కోసం? ఇరవై ఏళ్ల కుర్రాడు విల్లా కొంటాడా? కాలేజీ ఫీజు కట్టేది తండ్రి. ఆ తండ్రి వినే పాట వేసే స్టేషన్‌కి యాడ్ ఇవ్వడానికి వాళ్లకి సర్వే కాగితం ఎందుకు?

స్పాట్_సేల్స్

అదే నేను చెప్పబోయేది, తొందరపడ్డారు. హైదరాబాద్‌లో ఏజెన్సీ కాగితం అడుగుతుంది. కానీ చిన్న ఊళ్లో యాడ్ ఇచ్చేవాడు షాపు ఓనరే. గల్లాపెట్టె దగ్గర కూర్చుని తనే రేడియో వింటాడు. అతని వయసు యాభై. వాడికి నచ్చితే ఆర్వో మీద, అంటే యాడ్ ఆర్డర్ కాగితం మీద, సంతకం పెడతాడు. కాబట్టి ఈ ఫార్మాట్ నెగ్గితే హైదరాబాద్‌లో నెగ్గదు, ఒంగోలు, కర్నూలు, కరీంనగర్ లాంటి చోట నెగ్గుతుంది.

బెజవాడ_బుజ్జి

ఒంగోల్లో ప్రైవేటు ఎఫ్‌ఎం ఉందా అసలు?

లాగ్_షీట్

ఆ పాయింట్‌కే వస్తున్నా. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త ఊళ్లలో 730 ఛానెళ్ల వేలానికి ఆమోదం ఇచ్చింది. మొత్తం రిజర్వు ధర, అంటే వేలం మొదలయ్యే కనీస ధర, 784.87 కోట్లు. అంటే సగటున ఛానెల్‌కి కోటి పైచిలుకు, ఊరిని బట్టి మారుతుంది. ఆంధ్రలో 22 ఊళ్లు, 68 ఛానెళ్లు: ఒంగోలు, కాకినాడ, కర్నూలు, ఏలూరు, శ్రీకాకుళం, కడప, అనంతపురం, చీరాల, భీమవరం వగైరా. తెలంగాణలో 10 ఊళ్లు, 31 ఛానెళ్లు: కరీంనగర్, ఖమ్మం, నల్గొండ, నిజామాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల లాంటివి. ఏటా కట్టాల్సిన లైసెన్సు ఫీజు జీఎస్టీ తీసేశాక స్థూల ఆదాయంలో 4 శాతం.

మూడో విడత నిబంధనల్లో నెట్‌వర్కింగ్‌కి కూడా వీలుంది. ఒక స్టూడియోలో తయారైన కార్యక్రమాన్ని సొంత స్టేషన్లన్నిటికీ పంపొచ్చు. విజయవాడలో ఒక మంచి మ్యూజిక్ టీమ్, ఇద్దరు ముగ్గురు మంచి ఆర్జేలు. ఒంగోలు, ఏలూరు, భీమవరం, చీరాలకి అదే పాటల లాగ్. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రం ఏ ఊరి మనిషి ఆ ఊళ్లో మాట్లాడాలి. మిగతా టైమంతా కలగలుపు పాటలు. ఖర్చు అలాగే అందుబాటులోకి వస్తుంది, మనిషీ ఉంటాడు.

కేపీహెచ్‌బీ_లక్ష్మి

పాటల హక్కుల సంగతి? వెయ్యి రెండు వేల పాటలంటే కంపెనీలకి ఎంత కట్టాలి?

లాగ్_షీట్

పాటల సంఖ్యని బట్టి కాదండీ. 2010లో కాపీరైట్ బోర్డు రేడియోకి నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని తేల్చింది. ఆ తర్వాత కూడా వ్యాజ్యాలు నడిచాయి, రేట్లు మళ్లీ మారాయి. కానీ రెండు వందల పాటలు తిప్పినా రెండు వేలు తిప్పినా లైబ్రరీ పెద్దదైనంత మాత్రాన బిల్లు అంతకంత పెరగదు. అసలు కష్టం ఒప్పందాల్లో. తెలుగు పాటలు ఒక్క చోట లేవు. పాతవి ఎక్కువ సారెగమా దగ్గర, తర్వాతివి లహరి, ఆదిత్య, ఇంకా చిన్నాచితకా కంపెనీలు. ఒక్కదానితో ఒప్పందం కుదరకపోయినా ఒక దశాబ్దంలో పెద్ద చిల్లు పడుతుంది.

బెజవాడ_బుజ్జి

సరే ఒప్పుకుంటా, కానీ కొత్త ఫోన్లలో ఎఫ్‌ఎం ఆప్షనే ఉండట్లేదు కదా. మా ఇంట్లో రేడియో సెట్టే లేదు.

సైలెంట్_లిజనర్

2023లో కేంద్రం ఫోన్ కంపెనీలకి ఎఫ్‌ఎం ఉంచమని సలహా ఇచ్చింది. సలహానే, ఆర్డర్ కాదు. కానీ చిన్న ఊళ్లలో టైలర్ షాపు, మెకానిక్ షెడ్, ఆటో, ఆర్టీసీ డిపో ముందు టీ కొట్టు, ఇవన్నీ చూడు. ఒక్క సెట్ మోగితే పదిమంది వింటారు.

స్పాట్_సేల్స్

ఆ పదిమందిని కూడా నేను ఎవరికీ లెక్క చూపించలేను, అది వేరే విషయం 🙂 అయినా చిన్న ఊళ్లో నన్ను భయపెట్టేది లెక్క కాదు, వసూలు. స్పాట్లు వేయించుకుంటారు, పండగ సీజన్ అయిపోతుంది, డబ్బు మాత్రం "వచ్చే నెల రండి". కొందరు డబ్బుకి బదులు సరుకు తీసుకెళ్లమంటారు. స్టేషన్‌కి కరెంటు బిల్లు చీరలతో కట్టలేం కదా. ఎవరైనా ఒంగోల్లో ఇది మొదలుపెడితే, మొదటి ఉద్యోగం ఆర్జేకి కాదు, ఆ ఊరి బజార్లో పాతికేళ్లుగా తిరుగుతున్న, షాపులవాళ్లు పేరు పెట్టి పిలిచే ఒక సేల్స్ మనిషికి ఇవ్వండి. రెండోది లాగ్_షీట్ గారికి.

లాగ్_షీట్

నాకు జీతం చీరల్లో ఇస్తానంటే మా ఆవిడ ఒప్పుకుంటుంది.